కావలి వెంకట లక్ష్మయ్య

కావలి వెంకట లక్ష్మయ్య 19వ శతాబ్ది ప్రథమార్ధానికి చెందిన తెలుగు పండితుడు, చరిత్ర పరిశోధకుడు. ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వంలో సర్వేయరుగా పనిచేసిన కల్నల్ కాలిన్ మెకంజీ వద్ద ఆయన ప్రధాన దుబాసీగా ఉన్నాడు. దక్షిణ భారతదేశం నలుమూలల నుండి కైఫియత్తులు, శాసన ప్రతులు, తాళపత్ర గ్రంథాలు, నాణేలు సేకరించిన మెకంజీ కార్యాలయాన్ని 1803 నుండి 1821 వరకు రోజువారీగా నడిపించిన వ్యక్తి లక్ష్మయ్యే. ఈయన స్వస్థలం ఏలూరు. అన్న వెంకట బొర్రయ్య, తమ్ముడు వెంకట రామస్వామి కూడా ఇదే కార్యాలయంలో పనిచేశారు. వీరిని చరిత్రకారులు కావలి సోదరులు అని వ్యవహరిస్తారు.

తెలుగునాట గ్రామ చరిత్రలను గురించి రాసే ప్రతివారూ మెకంజీ కైఫియత్తులను పేర్కొంటారు. అయితే మెకంజీకి తెలుగు, తమిళం, కన్నడం, సంస్కృతం వంటి భాషలలో చదివే శక్తి లేదు. ఈ సంగతిని ఆయన స్వయంగా అంగీకరించాడు. ఆ సేకరణ వెనుక ఉన్న ఉత్తర ప్రత్యుత్తరాలు, ఆదేశాలు, నెలవారీ నివేదికలు, అనువాదాలు అన్నీ భారతీయ ఉద్యోగుల చేతుల మీదుగా జరిగినవి. ఆ ఉద్యోగులకు పెద్దగా లక్ష్మయ్య నిర్వహించిన పాత్ర, మెకంజీ మరణం తరువాత ఆయనకు ఎదురైన తిరస్కారం ఈ వ్యాసంలోని ముఖ్య విషయాలు.

కుటుంబ నేపథ్యము

లక్ష్మయ్య నియోగి బ్రాహ్మణ కుటుంబానికి చెందినవాడు. తండ్రి పేరు వెంకట సుబ్బయ్య. అన్న బొర్రయ్య 1776లో ఏలూరులో జన్మించాడు. ఆనాటికి ఏలూరు ఉత్తర సర్కారులలో ఒకటైన ఏలూరు సర్కారుకు ముఖ్యపట్టణం. 1765లో మొగలు చక్రవర్తి షా ఆలం ఇచ్చిన ఫర్మానా, 1766లో నిజాంతో కుదిరిన ఒడంబడిక ద్వారా ఈ సర్కారులు కంపెనీకి దక్కాయి. పాలనా వ్యవహారాలు మచిలీపట్నం నుండి జరిగేవి. తరువాతి కాలంలో ఏలూరు గోదావరి, కృష్ణా జిల్లాలలోను, 1925 నుండి పశ్చిమ గోదావరి జిల్లాలోను ఉండి, 2022లో ఏర్పడిన ఏలూరు జిల్లాకు కేంద్రమైనది.

నియోగులు తరతరాలుగా కరణీకం, ముసద్దీగిరీ వంటి లౌకిక వృత్తులలో ఉన్నవారు. భూమి లెక్కలు రాయడం, పాత దస్తావేజులను చదవడం, సనదుల నిజానిజాలు తేల్చడం, పాలకుల భాషను నేర్చి వారికీ ప్రజలకూ మధ్య వ్యవహరించడం ఈ కుటుంబాలకు వాడుకైన పనులు. నవాబుల కాలంలో పారశీకం, మరాఠీ నేర్చినట్లే కంపెనీ కాలంలో వీరు ఇంగ్లీషు నేర్చుకున్నారు. కావలి సోదరులు మెకంజీ వద్దకు వచ్చేనాటికి ఈ విద్య వారికి ఇంటి ఆస్తి వంటిది. సేకరణలో కనబడే నైపుణ్యం అంతా యూరోపియన్లు నేర్పినది కాదని, కరణాల, మున్షీల సంప్రదాయం నుండి వచ్చినది అందులో చాలా ఉన్నదని ఇటీవలి చరిత్రకారులు నిరూపించారు.

కంపెనీ ప్రభుత్వము, సమాచార సేకరణ

దేశాన్ని పాలించేవారికి సమాచారం అవసరమన్నది కొత్త విషయం కాదు. మొగలు పాలనలోను, దక్కను సుల్తానుల పాలనలోను వార్తలు రాసి పంపే అఖ్బారు నవీసులు, వాటిని మోసుకుపోయే హరికారులు ఉండేవారు. కొత్తగా వచ్చిన కంపెనీకి దేశభాషలు రావు, దారులు తెలియవు, ఏ జమీందారుకు ఏ హక్కు ఎట్లా వచ్చినదో తెలియదు. సైన్యం నడవటానికి పటాలు కావాలి, శిస్తు వసూలుకు లెక్కలు కావాలి, వివాదాలు తీర్చటానికి వంశచరిత్రలు కావాలి. వేగు, సర్వే, చరిత్ర అనే మూడూ ఆ రోజులలో వేరువేరు శాఖలుగా విడిపోలేదు. ఒకే అధికారి ఈ మూడింటినీ చూడటం మామూలు.

కాలిన్ మెకంజీ స్కాట్లండుకు చెందిన లూయిస్ ద్వీపంలోని స్టోర్నొవేలో జన్మించాడు. 1783లో మద్రాసు చేరి కంపెనీ సైన్యంలో ప్రవేశించి, 1786లో ఇంజనీరు దళానికి మారాడు. మూడవ మైసూరు యుద్ధం (1790–92) తరువాత ఆయనను నిజాం రాజ్యానికి పంపారు. అక్కడ కంపెనీ దళంతో ఉంటూ దారులను, కనుమలను, కోటలను పటాలకెక్కించటం ఆయన పని. అది చాలావరకు సైనిక సమాచార సేకరణే. 1796లో సింహళం నుండి తిరిగివచ్చిన తరువాత ఆయన దృష్టి స్థానిక చరిత్రలవైపు మళ్ళింది. అందుకు కారకుడు లక్ష్మయ్య అన్న బొర్రయ్య.

అన్న బొర్రయ్య

బొర్రయ్య మెకంజీ వద్ద చేరేనాటికి ఇరవై ఏళ్ళ యువకుడు. తెలుగు, సంస్కృతాలతో పాటు పారశీకం, హిందూస్తానీ, ఇంగ్లీషు నేర్చినవాడు. భారతీయ విజ్ఞానమనే ద్వారం లోనికి తాను వేసిన మొదటి అడుగు ఈ యువకునితో పరిచయమేనని మెకంజీ 1817లో సర్ అలెగ్జాండర్ జాన్‌స్టన్‌కు రాసిన లేఖలో తెలియజేశాడు. నాలుగవ మైసూరు యుద్ధంలో 1799లో శ్రీరంగపట్టణం పతనమైన తరువాత, గవర్నర్ జనరల్ వెల్లస్లీ మైసూరు సర్వేను మెకంజీకి అప్పగించాడు. ఈ సర్వేలో భాషా వ్యవహారాలను, చరిత్ర సేకరణను బొర్రయ్య చూసేవాడు.

జైన మతాన్ని గురించి ఒక జైన గురువు నుండి సేకరించి బొర్రయ్య అనువదించిన వ్యాసం ఏషియాటిక్ సొసైటీ ప్రచురించే ఏషియాటిక్ రీసెర్చెస్ తొమ్మిదవ సంపుటంలో అతని పేరుతోనే వెలువడింది. హళగన్నడ శాసనాల లిపిని చదవటంలో కూడా అతడు ముందుగా కృషి చేసినట్లు తమ్ముడు రామస్వామి పేర్కొన్నాడు. బొర్రయ్య 1803లో అకాల మరణం చెందాడు. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు. మెకంజీ మద్రాసు సముద్ర తీరాన అతనికి స్మారకం నిర్మింపజేశాడు. అన్న స్థానం లక్ష్మయ్యకు వచ్చింది.

ప్రధాన దుబాసీగా లక్ష్మయ్య

బాధ్యతలు స్వీకరించిన తొలి సంవత్సరాలలో లక్ష్మయ్య స్వయంగా క్షేత్ర పర్యటనలు చేశాడు. 1803లో మహాబలిపురాన్ని గురించి ఆయన తయారుచేసిన వివరణ చాలాకాలం తరువాత, 1869లో కెప్టెన్ కార్ సంకలనం చేసిన మహాబలిపురం గ్రంథంలో ముద్రింపబడింది. తెలుగు సామెతలను సేకరించి ప్రచురించిన కార్ ఈయనే. రానురాను కార్యాలయ భారం పెరగటంతో లక్ష్మయ్య పని పర్యటనల నుండి పర్యవేక్షణకు మారింది.

మైసూరు సర్వే సుమారు 40,000 చదరపు మైళ్ళ ప్రదేశానికి విస్తరించింది. 1802లో మద్రాసు వద్ద విలియం లాంబ్టన్ ప్రారంభించిన త్రికోణమితి సర్వే భూమి కొలతలకు పరిమితమైనది. మెకంజీ సర్వే కొలతలతో పాటు జనాభా, పంటలు, చెరువులు, పూర్వ రాజవంశాలు, దేవాలయాలు, ఆచారాలను కూడా నమోదు చేయ ప్రయత్నించింది. ఈ రెండవ భాగానికి తగినంత ధనం ఇవ్వటానికి కంపెనీ డైరెక్టర్లు ఇష్టపడలేదు. 1801 ప్రాంతంలో సర్వే ఖర్చులను తగ్గించమని ఆదేశాలు వచ్చాయి. చరిత్ర సేకరణకు అయిన వ్యయంలో పెద్దభాగం మెకంజీ సొంతంగా భరించాడు. ఆయన మొత్తం మీద 15,000 పౌండ్లకు పైగా ఖర్చు చేశాడని జాన్‌స్టన్ 1832లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు చెప్పాడు. ఈ కారణంగా లక్ష్మయ్య నడిపిన కార్యాలయం సగం ప్రభుత్వ శాఖగాను, సగం ఒక అధికారి సొంత వ్యవహారంగాను ఉండేది. తరువాత వచ్చిన చిక్కులకు ఇది ఒక మూలం.

కార్యాలయ నిర్వహణ

మెకంజీ సహాయకులలో అనేక భాషల, మతాల వారు ఉన్నారు. నిజాం రాజ్యంలోను, తెలుగు ప్రాంతాలలోను తిరిగిన నారాయణరావు, ఆనందరావు, తమిళ దేశంలో పనిచేసిన నిట్టల నాయన, శ్రీనివాసయ్య, జైన పండితుడు ధర్మయ్య, భాస్కరయ్య, శివరామయ్య, అప్పావు వీరిలో కొందరు. వీరంతా నెలల తరబడి దూర ప్రాంతాలలో ఉండేవారు. వీరిని కలిపి ఉంచినది కాగితపు వ్యవహారం.

పని జరిగే పద్ధతిని స్థూలంగా ఈ క్రింది విధంగా చెప్పవచ్చును.

1. ఆదేశాలు: ఏ ప్రాంతానికి వెళ్ళాలి, ఎవరిని కలవాలి, ఏమేమి అడగాలి అన్నది సహాయకునికి రాతపూర్వకంగా ఇచ్చేవారు. రాజుల వంశావళులు, గ్రామం పుట్టుక, చెరువులు తవ్వించినవారు, దేవాలయాలకు ఇచ్చిన మాన్యాలు, కులాలు, పంటలు, అడవులు, మృగాలు మొదలైనవి ప్రశ్నలలో ఉండేవి. చారిత్రక సామగ్రిని ఎట్లా సంపాదించాలో తెలిపే ఒక విజ్ఞాపన పత్రాన్ని మెకంజీ 1808లో తయారుచేసి జిల్లాల అధికారులకు కూడా పంపాడు.

2. సేకరణ: గ్రామ కరణం వద్ద ఉండే కవిలె కట్టలను చూచి నకలు రాయించటం, రాతి శాసనాలను, రాగి రేకులను కంటితో చూచి అక్షరం అక్షరం ఎత్తిరాయటం, వృద్ధుల నుండి విన్న సంగతులు రాసుకోవటం, గ్రంథాలు దొరికితే కొనటం లేదా ప్రతి రాయించటం జరిగేవి.

3. నివేదికలు: ప్రతి సహాయకుడు తాను తిరిగిన ఊర్లు, కలిసిన మనుషులు, దొరికినవి, దొరకనివి అన్నీ దినచర్యగా రాసి, నెలకొకసారి నివేదికగా పంపాలి. దొరికిన వస్తువుల పట్టీ దానికి జతచేయాలి.

4. నమోదు, అనువాదము: వచ్చిన కట్టలను పట్టీతో సరిచూచి, ప్రాంతాలవారీగా, భాషలవారీగా వేరుచేసి నమోదు చేసేవారు. ముఖ్యమైనవాటిని ఇంగ్లీషులోనికి అనువదించేవారు. అనువాదాలు చదివి మెకంజీ వేసే ప్రశ్నలు తిరిగి సహాయకునికి చేరేవి.

ఈ నాలుగు దశలలోను లక్ష్మయ్య మధ్యవర్తి. సహాయకుల ఉత్తరాలు చాలావరకు ఆయనకు చేరేవి. ఆ నివేదికల అనువాదాలు నేటికీ లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో మెకంజీ అనువాదాల సంపుటాలలో భద్రంగా ఉన్నాయి. ఒక ప్రభుత్వ కార్యాలయం తన సొంత పనిని గురించి ఇంత వివరంగా రాసి ఉంచటం ఆ కాలంలో అరుదు. అందువలన కైఫియత్తులలోని చరిత్రతో పాటు, వాటిని ఎవరు ఎట్లా సేకరించారన్న చరిత్ర కూడా మనకు దొరుకుతున్నది.

గ్రామాలలో ఎదురైన అనుమానాలు

కంపెనీ అధికారి మనుషులమని చెప్పుకొని పాత దస్తావేజులు అడగటానికి వచ్చినవారిని గ్రామస్థులు అంత సులువుగా నమ్మలేదు. అందుకు తగిన కారణమే ఉన్నది. 1802 నాటి మద్రాసు రెగ్యులేషన్ల ప్రకారం పన్నులేని మాన్యాల హక్కులను విచారించే అధికారం ప్రభుత్వానికి కలిగింది. తన వద్దనున్న కవిలెను చూపితే మాన్యం పోతుందో నిలుస్తుందో కరణానికి తెలియదు. దేవాలయ అర్చకులకు, అగ్రహారికులకు కూడా ఇదే భయం. కొందరు దస్తావేజులు లేవని చెప్పేవారు, కొందరు రేపు మాపు అని తిప్పేవారు, కొందరు పై అధికారి నుండి ఉత్తరువు తెమ్మనేవారు.

వేగులవానికీ చరిత్రకారునికీ గల భేదాన్ని గ్రామస్థునికి వివరించటం సహాయకుల నిత్య సమస్య. వివరణ పూర్తిగా నిజమని చెప్పటానికి కూడా వీలులేదు. మెకంజీ సర్వే ప్రభుత్వ సర్వే, దాని పటాలు ప్రభుత్వ అవసరాలకు వినియోగపడ్డాయి. ఆయన సేకరించిన వంశావళులు, భూమి హక్కుల వివరాలు అధికారులకు పనికివచ్చేవే. లక్ష్మయ్య, ఆయన అనుచరులు ఈ రెండు ప్రయోజనాల నడుమ పనిచేశారు. స్థానిక భాష, కులమర్యాద, పండితులతో చర్చ, కొన్నిచోట్ల అధికారుల సిఫారసు ఉత్తరాలు వారికి సాధనాలు.

ఈ పద్ధతి వలన సేకరణకు కొన్ని పరిమితులు కూడా ఏర్పడినవి. సమాచారం చెప్పినవారిలో కరణాలు, అర్చకులు, పాలెగాళ్ళ వంశీకులే ఎక్కువ. పొలం దున్నినవారి మాట, స్త్రీల మాట తక్కువ. మాన్యం నిలుపుకోవటానికి చెప్పిన కథ, నిజంగా జరిగిన సంగతి ఒకే కైఫియత్తులో కలిసి ఉండవచ్చును. అందుచేత నేటి పరిశోధకులు కైఫియత్తులను శాసనాలతో పోల్చి చూచిన తరువాతనే స్వీకరిస్తారు.

మెకంజీ జావాలో ఉన్న కాలము

1810లో మెకంజీ మద్రాసు సర్వేయర్ జనరల్‌గా నియమితుడయ్యాడు. ఆ మరుసటి ఏడే, 1811లో, డచ్చివారి నుండి జావా ద్వీపాన్ని పట్టుకునేందుకు వెళ్ళిన సైన్యంతో పాటు వెళ్ళవలసి వచ్చింది. అక్కడ భూమి హక్కులను విచారించే కమిషన్‌కు నాయకత్వం వహించి, 1813లో భారతదేశం తిరిగివచ్చాడు. మద్రాసుకు చేరినది 1815లో మాత్రమే.

ఈ నాలుగేళ్ళూ మద్రాసులోని కార్యాలయం మూతపడలేదు. సహాయకులు తమ ప్రాంతాలలో తిరుగుతూనే ఉన్నారు, నివేదికలు వస్తూనే ఉన్నాయి, అనువాదాలు జరుగుతూనే ఉన్నాయి. దత్త మండలాలలో, అనగా నేటి రాయలసీమలో, కైఫియత్తుల సేకరణ ఈ దశకంలోనే ముమ్మరంగా జరిగింది. అధిపతి సముద్రం దాటి వెళ్ళినా పని సాగటం లక్ష్మయ్య నిర్వహణా సామర్థ్యానికి నిదర్శనం.

కలకత్తా

1815లో మెకంజీ భారతదేశ సర్వేయర్ జనరల్ పదవి పొందాడు. ఆ పదవిని అందుకున్న మొదటి వ్యక్తి ఆయనే. 1816లో అమరావతి స్తూప శిల్పాలకు చిత్రాలు గీయించే పని చేపట్టి, 1817లో సేకరణతో సహా కలకత్తా చేరాడు. లక్ష్మయ్య, మరికొందరు సహాయకులు ఆయన వెంట వెళ్ళారు. దక్షిణాది పండితులకు కలకత్తా అన్ని విధాలా పరాయి ఊరు. అక్కడి పండితులకు దక్షిణ లిపులు రావు. అయినప్పటికీ సేకరణను క్రమపరచే పని అక్కడ కొనసాగింది. దక్షిణాదిలో మిగిలిన సహాయకులు సేకరించినవి కలకత్తాకు చేరుతుండేవి.

సేకరణ అంతటికీ వివరణాత్మకమైన పట్టిక తయారుచేయాలన్న కోరిక తీరకుండానే మెకంజీ 1821 మే 8న మరణించాడు. ఆయన భార్య పెట్రొనెల్లా నుండి కంపెనీ ప్రభుత్వం ఈ సేకరణను లక్ష రూపాయలకు కొనుగోలు చేసింది. పట్టిక తయారుచేసే బాధ్యతను సంస్కృత పండితుడు హొరేస్ హేమన్ విల్సన్ స్వీకరించాడు. 1828లో వెలువడిన విల్సన్ పట్టిక ప్రకారం సేకరణలో ఉన్న వస్తువుల సంఖ్య ఈ విధంగా ఉన్నది.

సాహిత్య గ్రంథాలు: 1,568
స్థానిక చరిత్రలు: 2,070
శాసన ప్రతులు: 8,076
అనువాదాలు: 2,159
పటాలు, ప్రణాళికలు: 79
చిత్రాలు: 2,630
నాణేలు: 6,218
విగ్రహాలు: 106
ఇతర పురావస్తువులు: 40

విల్సన్‌కు దక్షిణాది భాషలు రావు. కాబట్టి తన పట్టికకు ఆయన కూడా మెకంజీ సహాయకులు తయారుచేసిన అనువాదాలు, సంగ్రహాల మీదనే ఆధారపడ్డాడు.

పరిశోధన కొనసాగింపునకు ప్రయత్నము, తిరస్కృతి

మెకంజీ మరణంతో కార్యాలయం క్రమంగా కుదించబడినది. లక్ష్మయ్య మాత్రం పని మధ్యలో ఆగిపోరాదని భావించాడు. సేకరించినవాటిలో చాలావాటికి ఇంకా అనువాదం కాలేదు, మరికొన్ని ప్రాంతాలలో సేకరణే జరగలేదు. ఆయన మద్రాసు తిరిగివచ్చి, 1830 దశకం తొలి సంవత్సరాలలో మద్రాసు హిందూ లిటరరీ సొసైటీ అనే సంస్థను నెలకొల్పి దానికి అధ్యక్షుడుగా వ్యవహరించాడు. భారతీయులు తామే నడుపుకొనే విద్వత్సభ దక్షిణాదిలో ఏర్పడటం అప్పటికి కొత్త. లండనులోని రాయల్ ఏషియాటిక్ సొసైటీ వర్గాలలో, ముఖ్యంగా జాన్‌స్టన్ వద్ద, ఆయన ప్రయత్నానికి సానుభూతి లభించింది.

మెకంజీ పరిశోధనలను తన ఆధ్వర్యంలో కొనసాగించటానికి సహాయం చేయవలసినదిగా లక్ష్మయ్య ప్రభుత్వాన్ని అర్థించాడు. ప్రభుత్వం కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ అభిప్రాయం కోరింది. 1836లో సొసైటీ కార్యదర్శి జేమ్స్ ప్రిన్సెప్ ఈ ప్రతిపాదనను ఆమోదించలేదు. చారిత్రక సామగ్రిని విమర్శనాత్మకంగా పరిశీలించే పనికి లక్ష్మయ్య గాని, మరే భారతీయుడు గాని సరిపోడన్నది ఆయన అభిప్రాయం. లక్ష్మయ్య సమర్పించిన సంగ్రహాన్ని ఇందుకు ఆధారంగా చూపాడు. ఆ పనికి మద్రాసులోని రెవరెండ్ విలియం టేలర్ తగినవాడని సిఫారసు చేశాడు.

ఈ నిర్ణయాన్ని సరిగా అర్థం చేసుకోవాలంటే ఆనాటి పరిస్థితులను గమనించాలి. మెకంజీ కాలంలో ప్రభుత్వానికి సేకరణ ముఖ్యం, దానిని భారతీయులే చేయగలరు. 1830లు వచ్చేసరికి దేశంలో చాలా భాగం కంపెనీ స్వాధీనమైపోయింది. సేకరించటం ఒక పని, సేకరించినదానికి అర్థం చెప్పటం వేరొక పని అన్న విభజన ఏర్పడింది. రెండవది యూరోపియన్ల పని అన్న నమ్మకం బలపడినది. 1837లో బ్రాహ్మీ లిపిని చదివి కీర్తి పొందిన ప్రిన్సెప్ కూడా శాసనాల పఠనంలో కమలాకాంత విద్యాలంకారుడు వంటి పండితుల సహాయం తీసుకున్నవాడే. మూడు దశాబ్దాలకు పైగా అనుభవం ఉన్న లక్ష్మయ్య, అన్న బొర్రయ్య కాలం నుండి తన కుటుంబం పెంచిన సంస్థకు అధిపతి కాలేకపోయాడు.

సేకరణ తరువాతి చరిత్ర

మెకంజీ సేకరణలో కొంత భాగాన్ని 1823, 1825 సంవత్సరాలలో లండనుకు పంపారు. దక్షిణాది భాషల గ్రంథాలు, కైఫియత్తులు 1828లో మద్రాసుకు చేరాయి. టేలర్ వీటిని పరిశీలించేనాటికి అనేక ప్రతులలో సిరా వెలిసిపోయి, కాగితం పురుగుపట్టి ఉన్నది. వాటిలో కొన్నింటికి మరల నకళ్ళు రాయించారు. టేలర్ తయారుచేసిన పెద్ద పట్టిక 1857–62 మధ్య మూడు సంపుటాలుగా వెలువడింది. తెలుగు కైఫియత్తులకు సి.పి.బ్రౌన్ కూడా ప్రతులు రాయించి కాపాడాడు. వీటినే స్థానిక చరిత్రలు అంటారు.

ప్రస్తుతం మూల ప్రతులు, నకళ్ళు చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలోను, లండనులోని బ్రిటిష్ లైబ్రరీలోను ఉన్నాయి. టి.వి.మహాలింగం సంపాదకత్వంలో మద్రాసు విశ్వవిద్యాలయం మెకంజీ వ్రాతప్రతుల సంగ్రహాలను 1970 దశకంలో ప్రచురించింది. కడప జిల్లా కైఫియత్తులను కడపలోని సి.పి.బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం సంపుటాలుగా వెలువరించింది.

తమ్ముడు రామస్వామి

లక్ష్మయ్య తమ్ముడు వెంకట రామస్వామి ఇంగ్లీషులో గ్రంథరచన చేసిన తొలి తరం భారతీయులలో ఒకడు. వేంకటాధ్వరి సంస్కృతంలో రచించిన విశ్వగుణాదర్శానికి ఆయన చేసిన ఇంగ్లీషు అనువాదం 1825లో కలకత్తాలో అచ్చయింది. దక్కనులోని నగరాలు, స్థలాలను గురించిన గ్రంథం 1828లోను, దక్కను కవుల జీవితాల గ్రంథం 1829లోను వెలువడినవి. బొర్రయ్య జీవితాన్ని గురించి మనకు తెలిసిన వివరాలు చాలావరకు ఈ రెండవ గ్రంథం నుండి లభించినవే. 1836లో మద్రాసులో హిందువుల వంటకాలపై కూడా ఒక పుస్తకం ప్రచురించాడు. అన్నగారికి కార్యాలయంలో దక్కని స్వాతంత్ర్యం తమ్మునికి అచ్చు పుస్తకాలలో కొంతవరకు దక్కిందని చెప్పవచ్చును.

చిత్రపటము

1816లో థామస్ హిక్కీ అనే చిత్రకారుడు మెకంజీ తైలవర్ణ చిత్రాన్ని గీశాడు. ఎర్రని సైనిక దుస్తులలో నిలుచున్న మెకంజీతో పాటు ముగ్గురు భారతీయులు ఇందులో కనిపిస్తారు. దుర్భిణి పట్టుకున్న బంట్రోతు కిష్ణాజీ, తాళపత్ర గ్రంథంతో ఉన్న ధర్మయ్య, మూడవవాడు కావలి లక్ష్మయ్య అని పరిశోధకులు గుర్తించారు. వెనుక దూరంగా గోమటేశ్వరుని విగ్రహం ఉన్నది. ఈ చిత్రం బ్రిటిష్ లైబ్రరీ సేకరణలో ఉన్నది. భారతీయ సహాయకులను యజమానితో సమానంగా నిలబెట్టి, గుర్తుపట్టదగిన వ్యక్తులుగా చూపిన చిత్రాలు ఆ కాలంలో అరుదు.

ప్రాముఖ్యత

విజయనగర సామ్రాజ్య పతనం తరువాతి పాలెగాళ్ళ చరిత్రకు, గ్రామాల పుట్టుపూర్వోత్తరాలకు, చెరువుల, దేవాలయాల చరిత్రకు కైఫియత్తులు నేటికీ ముఖ్యమైన ఆధారాలు. శిథిలమైన శాసనాలలో కొన్నింటి పాఠాలు మెకంజీ ప్రతులలో మాత్రమే మిగిలి ఉన్నాయి. తెలుగు వచన చరిత్రను అధ్యయనం చేసేవారికి కూడా ఇవి విలువైనవి. గద్యం గ్రంథాలలో అంతగా కనబడని కాలంలో కరణాలు, గ్రామపెద్దలు వాడిన వ్యావహారిక వచనం వీటిలో నిలిచి ఉన్నది. అరబ్బీ నుండి పారశీకం ద్వారా తెలుగులోనికి వచ్చిన కైఫియత్తు అనే మాటకు స్థితి, వివరము అని అర్థం. అడిగినదానికి వివరం చెప్పటం అన్న అధికార వ్యవహారమే ఈ మాటలో ఉన్నది.

పాలకుల అవసరానికి పుట్టిన ఒక సమాచార శాఖ, పాలితుల జ్ఞాపకాలను భద్రపరచిన భాండాగారంగా మారటానికి కారకులు క్షేత్రంలో తిరిగినవారు, వారి నివేదికలను వరుసతప్పకుండా చూసినవారు. మెకంజీ పేరుతో ప్రసిద్ధమైన ఈ సేకరణలో ఏలూరుకు చెందిన కావలి సోదరుల భాగాన్ని, ప్రత్యేకించి పద్దెనిమిదేళ్ళు కార్యాలయ భారం మోసిన లక్ష్మయ్య భాగాన్ని, 20వ శతాబ్ది చివరి దశకాల నుండి చరిత్రకారులు తిరిగి గుర్తిస్తున్నారు.